రంగుల కొట్టంలో తన్ను

తమ్ముడు తన్నిన తన్నుకు అన్న వెళ్లి ఎర్ర రంగు తొట్టికి గుద్దుకున్నాడు. నూలు ముంచుతున్న నలుగురూ చేతులు ఆపేశారు.

"నా కర్ర ఎందుకు ముట్టుకున్నావ్?" అని అరిచాడు తమ్ముడు.

"నూలు తిప్పే కర్రకి నీదేంటి, నాదేంట్రా? తాగొచ్చావా?"

అన్న లేవబోయేంతలో మళ్లీ పొత్తికడుపు మీదే తన్నాడు. ఆపైన ముక్కు మీద ఒక్కటిచ్చాడు. నెత్తురు బొటబొటా కారింది. అన్న ఊరుకుంటాడా? అదే కర్రతో వాడి నెత్తి పగలగొట్టాడు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లు, కుక్కల్లా కలబడ్డారు. పైగా తమ్ముడు కొడుతున్నాడు, ఏడుస్తున్నాడు. అదేం కొట్టడమో ఎవరికీ అంతుపట్టలేదు.

గుమ్మంలో ఉన్న వదిన అడ్డం రాలేదు.

"స్టేషన్‌కి పదండి. వీణ్ణి లోపల వేయిస్తే గానీ నా కడుపుమంట చల్లారదు" అంది.

అన్నం పెట్టి పెంచిన మనిషి ఆ మాట అనేసరికి కొట్టంలోవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

స్టేషన్‌లో తమ్ముణ్ణి ఊచల వెనక్కి తోశారు.

"కేసు నిలవాలంటే డాక్టరు కాగితం కావాలి. లోపల ఎంత దెబ్బ తగిలిందో చూపించుకు రా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సూది పేరు చెబితే ఆమడ దూరం పరిగెత్తే అన్న, పంతం కొద్దీ ఆస్పత్రికి అందరికంటే ముందు నడిచాడు. సీసాలో పట్టిచ్చిన మూత్రం ఎర్రగా ఉంది.

"చూశారా డాక్టరమ్మా! వాడి తన్నుకి లోపల పగిలింది. గట్టిగా రాయండి. వాడు మళ్లీ ఎండ మొహం చూడకూడదు!"

డాక్టరమ్మ ఏదో మందు ఎక్కించి, సన్న గొట్టం లోపలికి పంపి, నీలం వెలుగు వేసి తెర మీద చూసింది.

"ఇది తన్ను వల్ల కాదు. మూత్రాశయంలో కణితి. మామూలు వెలుగుకి దొరకదు గానీ ఇందులో గులాబీ రంగులో మెరుస్తోంది చూడు. ఎన్నాళ్ల నుంచి ఎర్రగా పోతోంది?"

"మూడు నెలలు. రంగుల పనివాణ్ణి కదమ్మా, ఒంట్లోకి ఎరుపు దిగిందనుకున్నా. ఇంటిదానికీ అదే చెప్పి నోరు మూయించా."

"రంగు కాదయ్యా, క్యాన్సరే అనిపిస్తోంది. ముక్క తీసి పరీక్షకి పంపుతాను. ఇంకా పైపైనే ఉంది. ఈ గొట్టంతోనే గీకేసి, లోపలికి మందు పోస్తాం. బతుకుతావు. ఇంకో ఆర్నెల్లు ఆగుంటే సంచీ మొత్తం కోసెయ్యాల్సి వచ్చేది."

అన్న తిరిగి స్టేషన్‌కి వచ్చి ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

నెత్తికి కట్టుతో ఉన్న తమ్ముడు అన్న వంక చూడనేలేదు. వెనకాల ఉన్న వదిననే ఆత్రంగా అడిగాడు.

"చూపించుకున్నాడా వదినా? లేదంటే చెప్పు, నువ్వన్న చోటే ఇంకోటి తంతాను."