కంఠతా వచ్చిన నంబరు

చెప్పుల షాపులో ఆమె ఫోన్ మళ్లీ టింగుమంది.

"ఇప్పుడు జిమ్ములో చేరాలట నేను! ఈ ప్రకటనల చెత్తలో పడే కదండీ, స్కూలువాళ్లు యూనిఫాంలు కుట్టమని నాకు పెట్టిన మెసేజి చూసుకోలేదు. ఆ కుట్టుపనంతా పక్కవీధి టైలర్‌కి పోయింది."

భర్త కొత్త బూటు లేసు బిగిస్తూ నవ్వాడు. "ఫోన్ వాడే పద్ధతి తెలియాలోయ్. నాకు ఇలాంటిది ఒక్కటైనా వస్తోందా?"

ఆమెకు ఒళ్లు మండింది. ఆయన వెనకే కౌంటర్ దగ్గరికి నడిచింది.

"మొబైల్ నంబర్ చెప్పండి సార్," అంది బిల్లు కొట్టే అమ్మాయి.

ఆయన తడుముకోకుండా గడగడా చెప్పేశాడు.

మరుక్షణం టింగుమన్నది ఆమె ఫోనే. 'మా షాపుకు స్వాగతం సార్! ఇక రోజూ కొత్త ఆఫర్లు మీ కోసం.'

ఆమె ఫోన్‌ని ఆయన ముఖం ముందు పెట్టింది. "ఎన్నాళ్ల నుంచి?"

"అదీ... నా ఫోన్‌కి ఆఫీసు మెసేజిలు వస్తాయి కదా. అందుకని ఎక్కడ అడిగినా నీదే ఇచ్చేస్తుంటా."

"మా అక్క దగ్గర ఎన్నిసార్లు గొప్పలు పోయానో తెలుసా? మా ఆయనకి నా నంబరు కంఠతా వచ్చు అని!"