శాంతవ్వకు డ్యూటీ పోయింది

పొద్దున ఆరున్నరకు, మబేలాలో బస్సు ఆగే మూల మీద, అందరూ చూస్తుండగా శాంతవ్వ ఉద్యోగం ఊడింది.

"రేపటి సంది రావద్దు" అని ఒక్క ముక్క అని, దొర ఆమె చేతిలోని బ్యాగు లాక్కుని బస్సెక్కేశాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

రెండేళ్లుగా ఆమె పని అదే. దొర బూట్లు తుడవడం, బ్యాగూ నీళ్ల సీసా మోసుకుంటూ బస్సు దాకా వెంట నడవడం, బస్సు తిరిగొచ్చే వేళకు మళ్లీ ఆ మూల మీదే నిలబడటం. ఇందుకోసమే ఆమెను నిర్మల్ నుంచి ఈ పరాయి దేశానికి పిలిపించారు.

వచ్చే నెలతో వీసా గడువు తీరుతుంది. పని లేని మనిషికి మళ్లీ వీసా దేనికని ఎవరైనా అంటే? నిర్మల్‌లో ఒక్క ప్రాణానికి అన్నం వండుకోవడం ఆమెకు గుర్తొచ్చింది.

పక్క వాటాలో ఉండే రుఖయ్యా కడప మనిషి. ఘాలాలో ఒక కంపెనీలో జీతాలు చూస్తుంది. ఉద్యోగాలు పోయినవాళ్ల సంగతులు ఆమెకు కొట్టిన పిండి. ఆఫీసు బండి కోసం మెట్ల మీద నిలబడి ఉంటే, శాంతవ్వ వెళ్లి తన గోడంతా చెప్పుకుంది.

రుఖయ్యా పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఆపైన ఆఫీసు గొంతు పెట్టింది.

"నువ్వే మానేసినావా, ఆయప్పే తీసేసినాడా?"

"నేనెందుకు మానుత? దొరనే తీసేసిండు."

"తప్పేమన్నా చేసినావా?"

శాంతవ్వ గుర్తు చేసుకుంది. "టిఫిన్ డబ్బా మూత గట్టిగుంటదని నిన్న బస్సెంట ఉరుక్కుంట మొత్తుకున్న. బస్సుల అందరు నవ్విండ్రు. దొరకు సిగ్గయింది."

అది తప్పు కిందికి రాదని రుఖయ్యా తేల్చేసింది. ఈ దేశం వాళ్లకైతే, తమ తప్పు లేకుండా పని పోతే కొన్నాళ్లు భృతి వస్తుందట. తమంతట తాము మానేస్తే రాదట. ఇంకో పని వెతుక్కుంటూనే ఉండాలట. మధ్యలో చిన్నాచితకా పని దొరికితే ఆ సంగతి చెప్పెయ్యాలట. దాస్తే మొదటికే మోసం.

"మనట్లాటోళ్లకు రాదు శాంతవ్వా. నువ్వు నీ దొరతోనే మాట్లాడుకోవాల. ఫుల్ డ్యూటీ ఇయ్యకపోతే పార్ట్‌టైమ్ అడుగు."

బస్సు తిరిగొచ్చింది. శాంతవ్వ మూల మీదికి పోలేదు, గుమ్మంలోనే నిలబడింది. దొర తన బ్యాగు తానే మోసుకొచ్చాడు. ఆమె వడ్డించింది తిని, సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని టీవీ పెట్టాడు.

శాంతవ్వ ఎదురుగా వెళ్లి నిలబడింది.

"నా తప్పేం లేకుండ తీసేసినవు. పొద్దుగాల డ్యూటీ వద్దంటే వద్దు. పార్ట్‌టైమన్న ఇయ్యి. లేకుంటే నిర్మల్ పోత."

నిర్మల్ అనగానే దొర టీవీ ఆపేశాడు. తలుపు వైపు ఒకసారి చూశాడు. గొంతు బాగా తగ్గించాడు.

"రాత్రి డ్యూటీ ఇస్త. కానీ ఎవ్వరికి చెప్పద్దు."

రుఖయ్యా మాట మెదిలి శాంతవ్వకు భయమేసింది. దాచిపెట్టే పనైతే తనవల్ల కాదు, ముందు ఆ పనేందో చెప్పమంది.

"నేను బాత్రూంకు లేసినప్పుడు తోడు రావాలె బాపమ్మా, చీకట్ల భయమైతది" అన్నాడు, మొన్ననే ఒకటో తరగతిలో చేరిన మనవడు.