తెలీదన్న మనిషి

"ఆవిడ రానీరా, తింటాను" అంది తల్లి.

ఇషెంగోమా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. వేయించిన మిడతలు. తల్లికి ప్రాణం. ఈ ఏటి మొదటి మిడతలని పొద్దున్నే బజారుకు పరుగెత్తి తెచ్చాడు.

"నా చేత్తో పెడితే గొంతు దిగదా అమ్మా?"

"దిగుతుందిలే. ఆవిడొచ్చాక దిగుతుంది."

ఆవిడంటే కొకుటోనా. ఆ మధ్య బుకోబా పట్నం బస్సు దిగి, చర్చి వెనక చిన్న గదిలో ఉంటోంది. ఎవరి తాలూకో ఎవరికీ తెలీదు. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు పిలవకుండానే వెళుతుంది. వాకిలి ఊడుస్తుంది, నీళ్ళు మోస్తుంది. ఇషెంగోమా తల్లికి ఒళ్ళు తుడిచి, పక్కన కూర్చుని గుసగుసగా ఏదో చెబుతుంది. ముసలామె నవ్వుతుంది.

చిన్నకొడుకు జైలుకు పోయాక ఆ ఇంట్లో ఎవరూ చూడని నవ్వు అది.

చిన్నకొడుకు బ్యాబటో లారీ డ్రైవరు. తాగి నడిపి, రోడ్డు పక్కన పోతున్న ఒక పిల్లను గుద్ది చంపాడు. ఇషెంగోమా ఊరి చర్చిలో వాక్యం బోధించే ఉపదేశి. అలాంటి ఇంటికి అంతకు మించిన తలవంపు ఏముంది? తమ్ముడి పేరు ఇంట్లో ఎత్తొద్దన్నాడు ఇషెంగోమా. ఒక్కనాడూ జైలు గుమ్మం తొక్కలేదు.

"ఏం మాట్లాడుకుంటారమ్మా మీరిద్దరూ?"

"ఆడవాళ్ళ మాటలు. నీకెందుకు?"

అతను గిన్నె విసురుగా కింద పెట్టాడు.

సరస్సు గట్టు పల్లెల్లో ఇషెంగోమాను వాదంలో గెలిచినవాడు లేడు. దేవుడు మంచివాడైతే ఈ కష్టాలేమిటని ఎవరైనా నోరెత్తితే చాలు, వేళ్ళు మడుస్తూ కారణాలు చెప్పేవాడు. పొరుగింటి న్యామ్విజా బిడ్డ జ్వరంతో పోయినప్పుడూ వెళ్ళి చెప్పాడు. పాపం వల్ల వచ్చే చావు గురించి, విశ్వాసానికి వచ్చే పరీక్ష గురించి, మనిషికి అందని దైవచిత్తం గురించి. ఆ తల్లి అన్నిటికీ తలూపింది.

అతను లేచొచ్చాక కొకుటోనా వెళ్ళిందట.

"దేవుడు నా బిడ్డనే ఎందుకు తీసుకున్నాడక్కా?"

"తెలీదమ్మా" అందట. అని, పొయ్యి రాజేసి అరటికాయలు ఉడకేసి, ఆ తల్లితో కలిసి ఏడ్చిందట.

మర్నాడు నీళ్ళ దగ్గర ఆడవాళ్ళ మాటలు అతని చెవిన పడ్డాయి.

"ఉపదేశి గారు మాట్లాడితే బుర్ర ఊగింది. ఆవిడ ఊరుకుంటే గుండె కరిగింది."

"ఆయన నోరు నోరు కాదు తల్లీ, పండగ డప్పు!"

ఆ రోజు ఇషెంగోమాకు అన్నం సహించలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ చర్చి వసారాలో ఆ ఊరి అలవాటుగా కాఫీ గింజలు నములుతూ కూర్చున్నారు. కొకుటోనా వినేలా గొంతు పెంచాడు.

"నేరస్థుడు బోనులో ఉన్నాడు. న్యాయమూర్తి శిక్ష వేశాడు. అది న్యాయం. ఆపైన ఆయనే గద్దె దిగొచ్చి ఆ శిక్ష తన మీద వేసుకున్నాడు. అది ప్రేమ. దేవుడంటే ఆ రెండూనూ. రక్షణంటే అదీ!" ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, నీకు ఇదీ తెలీదా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వింది.

"బాగుంది ఉపదేశి గారూ. న్యాయమూర్తి ఉన్నాడు, నేరస్థుడున్నాడు. మరి దెబ్బ తిన్నవాళ్ళో? వాళ్ళెక్కడ కూర్చున్నారు ఆ కోర్టులో?"

నమిలే దవడలు ఆగిపోయాయి.

ఇషెంగోమా వేళ్ళు మడవబోయాడు. చెయ్యి దించేసుకున్నాడు.

"ఉపదేశి డప్పు పగిలిందిరోయ్!" అన్నాడు ఓ ముసలాయన.

మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికి ఇషెంగోమా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"దేవుడి సంగతి అడిగితే తెలీదనేవాళ్ళకు నా ఇంట్లో పనిలేదు. మందను చెదరగొట్టడానికి దిగావా? ఎవరు పంపారు నిన్ను?"

ఆమె ఏదో చెప్పబోయింది. లోపల మంచం వైపు చూసి ఆగిపోయింది.

"అమ్మగారికి నడుం దగ్గర పుండు పడేలా ఉంది. అటూ ఇటూ తిప్పుతూ ఉండండి" అంది. మెల్లగా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే బస్సెక్కిందని తెలిసి ఇషెంగోమా గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

తల్లి ఇప్పుడు అతని చేత్తోనే తినేది. తిని, గోడ వైపు తిరిగి పడుకునేది. నవ్వు మాత్రం మళ్ళీ రాలేదు. క్రిస్మస్‌కు ముందే కన్నుమూసింది.

వర్షాలు మొదలయ్యాక బ్యాబటో విడుదలై వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. తల్లి సమాధి మీద పడి చాలాసేపు ఏడ్చి, లేచి అడిగాడు.

"కొకుటోనా ఎక్కడుందన్నా?"

ఇషెంగోమా ఉలిక్కిపడ్డాడు.

"ఆవిడ నీకెలా తెలుసు?"

"జైల్లో నన్ను చూడ్డానికి వచ్చింది ఆమె ఒక్కతే. కూడు తెచ్చేది. ప్రార్థన నేర్పింది. అమ్మకు నా కబుర్లు చెప్పమని నేనే కాళ్ళు పట్టుకుని ఇక్కడికి పంపా."

అమ్మ నవ్విన నవ్వు కూడా తమ్ముడి కబుర్లకేనన్నమాట! తల్లి పోయాక కూడా అసూయ ఆరలేదు.

"నీకోసం అంతలా పాకులాడిందా? ఎవర్రా అది? నువ్వు ఉంచుకున్నదా?"

బ్యాబటో తలెత్తలేదు.

"అంత మాటనకన్నా... నా లారీ కింద పడి పోయింది ఆవిడ ఒక్కగానొక్క కూతురు."