బొత్తాల పోకర్

నల్లద్దాలు పెట్టుకున్నాక నరసింగరావుకి ఇస్పేటేదో కళావరేదో తెలియదు. అందుకని ముక్క పడినప్పుడల్లా కిటికీ వైపు తిరిగి, వెలుతురుకి పట్టి చూసుకుంటాడు.

"ఆ అద్దాలు తీసి సూడు బావ," అన్నాడు జోగయ్య.

"పెద్ద ఆటగాళ్లు తీస్తారేటి?" అన్నాడు నరసింగరావు.

కొత్తవలస బజారులో జగన్నాధం టైలరు కొట్టు అది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, ముగ్గురూ కట్టింగు బల్ల చుట్టూ చేరతారు. పాతికేళ్లుగా ఆడిన రమ్మీని మానేసి అయిదు నెలలైంది. జోగయ్య ఫోనులో ఎక్కడో విదేశాల్లో జరిగే పోకర్ పోటీ చూసినప్పటి నుంచీ ఇదే వరస. ఎండుచేపలు అమ్ముకునే జోగయ్య, ఏ ఫోనుకీ తగిలించని ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని కూర్చుంటాడు. జగన్నాధం ఒంటిచేత్తో చిప్సు ఆడించడం నేర్చుకుంటున్నాడు. చిప్సంటే పందెం బిళ్లలు, వీళ్లకి బొత్తాలే. చొక్కా బొత్తాం ఒకటి, కోటు బొత్తాం పది. సగం మిషను కిందికి దొర్లిపోతూ ఉంటాయి.

ఆటలో వాళ్లకి అర్థమైంది కొంచెమే. చేతికి అయిదు ముక్కలు. నచ్చనివి ఒక్కసారి మార్చుకోవచ్చు. ఒకే రకం ముక్కలు, రాజులో రాణులో, ఎన్ని ఎక్కువ పడితే అంత బలం. ఏమీ పడకపోయినా పడినట్టు ముఖం పెట్టి అవతలివాడిని బెదరగొట్టొచ్చు. బెదిరి ముక్కలు వదిలేసినవాడు ఓడినట్టే.

ఆ ముఖం దగ్గరే నరసింగరావు దెబ్బతినేవాడు. రైల్వే గూడ్సు షెడ్డులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి, మనసులో ఏదీ దాచుకోలేడు. మంచి ముక్క పడితే చెవులు ఎర్రబడిపోయేవి. అది చూసి మిగతా ఇద్దరూ ఆట వదిలేసేవారు.

ముఖాన్ని ఇంట్లో సాధన చెయ్యాలని ఫోనులో ఎవరో చెప్పారు. చేశాడు. భార్య రాజకుమారి పులుసు ఎలా ఉందని అడిగితే ముఖం కదపలేదు. మేనకోడలికి సంబంధం కుదిరిందంటే కదపలేదు. కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడినా కదపలేదు. నెల రోజులు చూసి ఆమె సంచి సర్దుకుంది.

"గోడకి వండి పెట్టడానికి నానెందుకు?" అని విజయనగరం అవతల రామతీర్థంలో తమ్ముడింటికి వెళ్లిపోయింది.

"నువ్వే ఎల్లావు, నువ్వే రా. నాను మాత్రం రాను," అన్నాడు నరసింగరావు, వీధంతా వినేలా.

మూడు నెలలైంది. ఆవిడ రాలేదు, ఈయన వెళ్లలేదు. మెస్సు భోజనంతో మనిషి తగ్గిపోయాడు. జగన్నాధం అతని చొక్కాలు రెండుసార్లు బిగించి కుట్టాల్సి వచ్చింది. రెండోసారి టేపు చుట్టినప్పుడు, కొలత పైకి చదవడానికి నోరు రాలేదు.

"ఎల్లి తీసుకురా బావ," అని ఎన్నిసార్లు చెప్పినా ఒకటే జవాబు.

"నలుగురిలో అన్నాను. ఇప్పుడెలా ఎల్తాను?"

అందుకే ఆ ఆదివారం ఆటకి ముందే జగన్నాధం, జోగయ్య ఒక మాట అనుకున్నారు.

"ఈయేళ ఉత్త బొత్తాలకి కాదు బావ," అన్నాడు జగన్నాధం, ముక్కలు కలుపుతూ. "ఓడినోడు, గెలిసినోడు సెప్పిన పని సెయ్యాల."

"ఏ పనైనా?"

"ఏ పనైనా."

నరసింగరావు నల్లద్దాలు సర్దుకున్నాడు. "సరే, పంచు," అన్నాడు.

పంచాడు. నరసింగరావు కిటికీ వైపు తిరిగి చూసుకుని, ఒక్క ముక్క మాత్రం మార్చుకున్నాడు. కొత్తగా వచ్చినదాన్ని వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు. జగన్నాధం అతని చెవుల వంకే చూస్తున్నాడు. ఎర్రబడలేదు. ఏమీ పడలేదన్నమాట. జగన్నాధానికి కొంచెం ధైర్యం వచ్చింది.

అనుకున్న ప్రకారం జోగయ్య ముక్కలు పడేశాడు. జగన్నాధం చేతిలో ఏ రెండు ముక్కలకీ పొంతన లేదు. అయినా ఉన్న బొత్తాలన్నీ ముందుకు తోశాడు.

"ఆలిన్! మొత్తం పెట్టేస్తన్నాను," అన్నాడు. తోసిన ఊపుకి రెండు కోటు బొత్తాలు కింద పడ్డాయి. నుదుటి మీద చెమట పట్టింది.

నరసింగరావు అతన్ని నిదానంగా చూశాడు.

"నీకు పెద్ద ముక్కలే పడ్డాయిరా జగన్నాధం."

"పడ్డాయి బావ."

"ముఖంలో తెలిసిపోతన్నాది." అతను తన అయిదు ముక్కలనీ బోర్లా తిప్పి కిటికీ దగ్గర పెట్టేశాడు. "నాను వదిలేస్తన్నాను. ఏటి సెయ్యాలో సెప్పు."

"రామతీర్థం ఎల్లి అక్కని తీసుకురా."

"ఇదా మీ ఎత్తు?" నరసింగరావు నల్లద్దాలు తీసి ఇద్దరినీ కోపంగా చూశాడు. "ఆటలో ఓడిపోయాను గాబట్టి గానీ, నేకపోతే ఎల్దునా? రేపు నలుగురూ అడిగితే మీరే సాక్ష్యం సెప్పాల."

"సెప్తాం బావ," అన్నాడు జోగయ్య.

సణుగుతూనే కొట్టు అద్దంలో తల దువ్వుకుని, విజయనగరం బండి అందుకోడానికి స్టేషనుకి బయలుదేరాడు.

సాయంత్రం అయిదున్నరకి జోగయ్య ఫోను మోగింది. రాజకుమారి.

"మీ బావ వచ్చాడు తమ్ముడు. ఆటలో ఓడిపోయి వచ్చానంతన్నాడు. నిజమేనా?"

"నిజం అక్కా. మా ముందే ఓడిపోయాడు."

"సరే, ఓడిపోతే ఓడిపోయాడు. వచ్చిన కాడ్నుంచి మాటలు ఆపడం నేదు. ఎవర్నీ మాటాడనీడం నేదు." ఆమె గొంతులో నవ్వు దాగలేదు. "రేపు పొద్దున్న బండికి వచ్చేస్తాం."

ఫోను పెట్టేసి జోగయ్య చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు. "బావని మొత్తానికి బోల్తా కొట్టించావు," అన్నాడు.

"ఊరికే నేర్సుకున్నామేటి?" అన్నాడు జగన్నాధం. అయిదు నెలల ఆటలో ఇంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు. కింద పడిన బొత్తాలు ఏరాడు. ముక్కలన్నీ పోగుచేసి, చివరికి కిటికీ దగ్గరున్న నరసింగరావు ముక్కలని చేతిలోకి తీసుకుని తిరగేశాడు.

అందులో నాలుగు ఆసులున్నాయి.