ఇరవై మూడో జవాబు

దావీదు గిద్దలూరులో బడిపంతులు. ఊళ్లలో ముసలివాళ్లకు అన్నం ఎవరు పెడుతున్నారో, ఎప్పుడు పెడుతున్నారో అడిగి రాయమని మద్రాసు నుంచి ఒక సంఘంవాళ్లు అతనికి అచ్చుకాగితాలు పంపారు. ఆ ఏడు వానల్లేవు. పొద్దుటి నుంచి రాచర్లలో ఇరవై ఒక్క గడపలు ఎక్కి దిగాడు. అందరిదీ ఒకటే జవాబు. రాసి రాసి వేళ్లు లాగేస్తున్నాయి, ఇక అడగకుండానే రాసేయొచ్చు అనిపించింది.

చివరగా ఇరవై రెండో గడపలో రాఘవమ్మ అనే ముసలామెను అడిగాడు.

"నాకు పెట్టినాకే ఇంట్లో అందరూ తింటారు నాయనా," అంది ఆమె కూడా.

ఆమె వెనక పొయ్యిలో పిల్లి పడుకొని ఉంది.

"పొయ్యి అంటిచ్చినట్టే లేదే అవ్వా?"

"గడప తొక్కిన మనిషికి ఇంటి గుట్టు చెప్పుకుంటామా ఏంది? నేను చెప్పినట్టే రాసుకో."

దావీదు అట్లాగే రాసుకున్నాడు.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు. కాళ్లు కడుక్కొని కూర్చుంటే భార్య సంగటి పెట్టింది. ఆకలి మీద ఉన్నాడేమో, ఇంకొంచెం అడిగాడు. ఆమె వసారా వైపు ఒకసారి చూసి, కుండ అడుగు తెడ్డుతో గీకి వేసింది. అదీ తినేశాడు.

చెయ్యి కడుక్కుంటూ, వసారాలో కూర్చున్న తల్లిని అలవాటుగా అడిగాడు.

"తిన్నావా అమ్మా?"

"నాకు పెట్టినాకే ఇంట్లో అందరూ తింటారు నాయనా," అంది తల్లి.