ఊరగాయ గది

ఊళ్ళో అన్ని ఇళ్ళలాగే తరళ ఇంటి గోడల్లోకీ నెట్ వచ్చేసింది. అప్పటినుంచి ఆ గోడలే అన్నీ చూస్తున్నాయి, వింటున్నాయి; ఎవరు ఏం రాసినా, ఏం గొణిగినా సాయంత్రానికల్లా నాన్న ఫోన్‌లో ఉంటోంది. సిగ్నల్ అందనిది ఊరగాయ గది ఒక్కటే. తరళ డైరీ అక్కడే, ఆవకాయ జాడీ వెనక ఉంది. నాన్న వద్దన్న నర్సింగు చదువు మీద ఆశంతా అందులోనే రాసుకుంటుంది.

ఇవాళ మెకానిక్ సత్తిబాబు ఆ గదికి కూడా వైరు లాగడానికి వచ్చాడు. డ్రిల్లు చప్పుడు దగ్గరపడుతున్నకొద్దీ తరళకు కాలు నిలవలేదు.

గది గుమ్మంలో నాయనమ్మ అడ్డంగా కూర్చుంది.

"స్నానం చేశావా నాయనా?"

"పొద్దున్నుంచి నాలుగిళ్ళు తిరిగానండి మామ్మగారూ. స్నానం ఎక్కడిది?"

"అయితే లోపలికి అడుగుపెట్టకు. ఆవకాయకి బూజు పట్టిందంటే ఏడాదంతా మీ నెట్టే నంజుకోవాలి మేము."

సత్తిబాబు నవ్వేశాడు. "సరేలెండి, రేపు తలంటుకునే వస్తాను" అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

రేపే! తరళ గబగబా లోపలికి దూరి డైరీ తెరిచింది. దాచి రాసుకోడానికి ఇక ఇవాళ ఒక్కరోజే; ఏది రాయాలో, ఏది వదిలెయ్యాలో తేల్చుకోకుండానే రాయడం మొదలుపెట్టింది.

"తొందరగా కానియ్యవే," గుమ్మంలోంచి తల గదిలోకి పెట్టి నాయనమ్మ గొంతు తగ్గించి అంది. "మీ నాన్నని తిట్టుకోడానికి నాకూ ఈ గదే దిక్కు."