తువ్వాలు కొస

తెర మీద పన్నెండు గళ్లు. ఒక్కో గడిలో పెద్ద అక్షరాలతో ఒక్కో మాట. నీళ్లు. టీ. నొప్పి. దుప్పటి.

ఒక పసుపు వెలుగు గడి నుంచి గడికి నడుస్తుంది. కావలసిన మాట మీదికి వెలుగు వచ్చినప్పుడు, హుసేన్ వలి ఎడమ చేతి కింద ఉన్న మీట నొక్కితే చాలు.

ఆయన నొక్కలేదు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

పక్షవాతం మాటనూ కాళ్లూచేతులనూ ఒకే రోజు పట్టుకుపోయి ఏడు నెలలైంది. ఎడమ చేతిలో రెండు వేళ్లు మాత్రం మిగిలాయి. "మనిషికి అంతా అర్థమవుతోంది, చెప్పే దారి మీరే వెతకండి" అంది కర్నూలు డాక్టరమ్మ. ఆ దారి వెతికే పని కూతురు షాహీనా నెత్తిన వేసుకుంది.

షాహీనా బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే ప్రోగ్రాములు రాస్తుంది. ఏ కంప్యూటర్లోనైనా నడిచేటట్టు రాస్తుందని ఆఫీసులో మంచి పేరు. ఆ పేరు డోన్‌లో, సొంత ఇంట్లో, నాయన ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది.

ఆఫీసు లాప్‌టాప్‌లో ఈ గళ్లు కదలకుండా నిలబడతాయి. నాయన కోసం మంచం ముందు పెట్టిన పాత కంప్యూటర్లో మాత్రం, వెలుగు ఒక్క అడుగు వేస్తే తెరంతా తెల్లగా అయిపోయి గళ్లు మళ్లీ వస్తాయి. సెకనుకోసారి కళ్లలో టార్చి కొట్టినట్టు.

పది రోజులుగా ఆమె కేబుళ్లు మార్చింది, సెట్టింగులు మార్చింది, తన మీద తనే విసుక్కుంది.

"కండ్లు నొస్తాండాయేమో మే," అంది మాబూబీ, భర్త మూతి తుడిచి తువ్వాలు ఆయన చేతి కింద పెడుతూ. "నీళ్లు కారుతాండాయి సూడు."

ఆయన వేళ్లు కదిలాయి. తువ్వాలు కొసను పట్టుకుని మంచం పట్టె మీద రుద్దసాగాయి.

"తీసెయ్యమంటాండాడు అమ్మా." అంది షాహీనా. "నాయనకు ఇది వద్దంట. ఇంక మాట్లాడేదే వద్దంట."

ప్లగ్ పీకడానికి వంగింది.

"ఉండు మే!" మాబూబీ ఆమె భుజం పట్టుకుంది. "వద్దంటే తువ్వాలు కిందికి తోసేస్తాడు, నాకు తెలీదా? కొసతో రవ్వంత తుడుస్తాండాడు. బోర్డు తుడుస్తాండాడు మీ నాయన."

డోన్ జంక్షన్‌లో నల్లబోర్డు ఉన్నన్నాళ్లూ దాని మీద రైళ్ల వేళలు సుద్దతో రాసింది హుసేన్ వలే. రైలు ఎంత ఆలస్యమైనా బోర్డంతా తుడిచేవాడు కాదు. తువ్వాలు కొస వేలికి చుట్టి, మారిన అంకెను మాత్రం తుడిచి, అక్కడే కొత్తది వేసేవాడు.

అంతా తుడిచేస్తే సులువు కదా అని, క్యారియర్ తీసుకెళ్లిన చిన్నారి షాహీనా ఒకసారి అడిగింది.

"బోర్డు ఖాళీగా కనపడితే జనానికి గుండె జారుతాది పాపా. మారనిదాన్ని ముట్టుకోగూడదు."

షాహీనా ఇప్పుడు నాయన వేలి వంకే చూసింది. అది ఒక చోట తుడిచింది. మెల్లగా పక్కకు జరిగి ఇంకో చోట తుడిచింది. ఆగిపోయింది.

రెండే చోట్లు.

ఆమె తెర వైపు తిరిగింది.

వెలుగు కదిలిన ప్రతిసారీ తన ప్రోగ్రాం తెరంతా తుడిచి, పన్నెండు గళ్లూ కొత్తగా గీస్తోంది. కొత్త లాప్‌టాప్ ఆ తుడుపంతా చాటున కానిచ్చేస్తోంది. పాత కంప్యూటర్‌కు ఆ చాటు లేదు. నిజానికి మారేవి రెండే గళ్లు. వెలుగు వదిలినది, వెలుగు చేరినది.

జన్మలో మౌస్ పట్టని మనిషి, కారే కళ్లతోనే ఆ తప్పు చూశాడు. పాపం ఏమీ తెలియడం లేదని చూడవచ్చిన వాళ్లంతా జాలిపడిపోయిన మనిషి.

మధ్యాహ్నం గుంతకల్లు బండి కూత వేసేటప్పటికి మార్పు పూర్తయింది. ఇక ఆ రెండు గళ్లే మారతాయి. వాటిని కూడా కనపడకుండా వెనక గీసి, పూర్తయ్యాకే తెర మీద పెడుతుంది.

వెలుగు కదిలింది. తెర రెప్ప వెయ్యలేదు.

హుసేన్ వలి గోడ వైపు నుంచి తల తిప్పాడు.

వెలుగు నీళ్లు దాటింది. టీ దాటింది. నొప్పి కూడా దాటింది. ఆయన నొక్కలేదు.

ఒక వరస అయిపోయింది. రెండో వరసా అయిపోయింది. మూడో వరసలో చివరి గడి, చోటు మిగిలిందని షాహీనా ఊరికే నింపినది.

మీట టక్కుమంది.

"ఏం కావాలంట మే?" అని అడిగింది చదువు రాని మాబూబీ.

"మాబూ అంటాండాడు."

డ్యూటీ దిగి, గేటు దగ్గర సైకిల్ ఆపి ఆయన వేసే కేక అది. ముప్పై ఏళ్లు రోజూ వినపడింది.

మాబూబీ కొంగు సర్దుకుంది. మంచానికి ఆనుకుని నిలబడే, "ఆ, వస్తాండా," అంది.